అద్దె లెక్క ఉంది, రేడియోల లెక్క లేదు: విశాఖ టవర్ యాజమాన్యాలకు, ఇంటర్నెట్ ఆపరేటర్లకు, టెలికాం అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా,

విశాఖపట్నంలో టవర్ల మీద స్థలం అద్దెకిచ్చే యాజమాన్యాలకు, ఆ టవర్ల మీద రేడియోలు పెట్టుకుని బతుకుతున్న తోటి ఆపరేటర్లకు, ఇక్కడ స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల) వ్యవహారాలు చూసే టెలికాం అధికారులకు నమస్కారం.

ఈ ఉత్తరం ముగ్గురికీ కలిపి రాయడానికి కారణం ఉంది. టవర్ మీద పక్కపక్కన ఉన్న రేడియోలు ఒకదాని సిగ్నల్‌ని ఒకటి చెడగొడుతున్నాయని విడివిడిగా ముగ్గురికీ ముందే చెప్పాం. "మేం ఇనుము, కరెంటు ఇస్తాం, సిగ్నళ్ల గొడవ మీరూ మీరూ చూసుకోండి" అని యాజమాన్యం అంది. "మా లింక్ బాగానే నడుస్తోంది, సమస్య మీ దగ్గరే ఉంది" అని తోటి ఆపరేటర్లు అన్నారు. "అది లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల వరస), దానికి రక్షణ ఉండదు" అని అధికారుల వైపు నుంచి వచ్చింది. మూడు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్ని పట్టుకునే ఎవరూ కదలడం లేదు.

నేను మధురవాడ దాటాక ఆనందపురం వైపు ఉన్న కాలనీలకు, ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆపరేటర్ని. మా లింకులు వెళ్లే టవర్ పేరు, దాని యజమాని పేరు ఇక్కడ రాయను. ఎందుకంటే ఇది ఆ ఒక్క టవర్ గొడవ కాదు. నగరం చుట్టూ ఏ షేర్డ్ టవర్ కింద నిలబడి తల పైకెత్తినా అదే కనిపిస్తుంది: ఒకే ఎత్తులో, ఒకే పైపుకి, భుజం భుజం రాసుకుంటూ బిగించిన డిష్‌లు.

ఈ రంగంతో సంబంధం లేనివాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. మీ ఇంట్లోకి వచ్చే తీగ కాలనీలో ఏదో ఒక డబ్బా దగ్గర ఆగుతుంది. ఆ డబ్బా నుంచి నగరంలోని మెయిన్ నెట్‌వర్క్ దాకా ఉన్న దారిని బ్యాక్‌హాల్ అంటాం. ఫైబర్ వేయగలిగిన చోట ఫైబరే వేస్తాం, దానికి మించింది లేదు. కానీ విశాఖ నైసర్గిక స్వరూపం అందరికీ తెలిసిందే. సింహాచలం కొండ, కైలాసగిరి, యారాడ కొండ, మధ్యలో రైల్వే, రక్షణ శాఖ స్థలాలు, పోర్టు. నేరుగా చూస్తే దగ్గరే అనిపించే ఊరికి కేబుల్ చుట్టూ తిరిగి వెళ్లాలి. వెళ్లినా రోడ్డు పనులకి జేసీబీ ఎప్పుడు తెంపుతుందో తెలియదు. అందుకే కొండ అంచున ఉన్న టవర్ నుంచి రేడియో లింక్ వేస్తాం. అందరికీ ఆ కొండ అంచే కావాలి కాబట్టి అందరం ఆ టవర్ మీదికే చేరాం. అందులో ఎవరి తప్పూ లేదు. చేరాక ఎలా ఉండాలో ఎవరూ మాట్లాడుకోకపోవడమే తప్పు.

అసలు ఏం జరుగుతోందో అంకెల్లో చెప్తాను. డెసిబెల్ లెక్కలో 10 పెరిగితే 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు అని గుర్తుంచుకుంటే చాలు. డీబీఎం అనేది సిగ్నల్ బలం, మైనస్ అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం. డీబీఐ అనేది డిష్ సిగ్నల్‌ని ఒక దిక్కుకి ఎంత కూడగట్టగలదో చెప్పే కొలత.

మా లింక్ పొడవు 10 కిలోమీటర్లు అనుకుందాం. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ దూరం దాటేసరికి సిగ్నల్ సుమారు 128 డెసిబెల్స్ తగ్గుతుంది. 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ మధ్య యాంటెన్నా బలంతో కలిపి గరిష్ఠంగా 36 డీబీఎం, అంటే 4 వాట్లకు సమానంగా వదలొచ్చని నిబంధన. ఇటువైపు 25 డీబీఐ డిష్ ఉంటే మాకు అందేది సుమారు మైనస్ 67 డీబీఎం. 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్‌లో (రేడియో వాడుకునే ఫ్రీక్వెన్సీ ముక్కలో) మంచి రేడియోకి సొంతంగా ఉండే నాయిస్, అంటే రొద, మైనస్ 92 దగ్గర ఉంటుంది. సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య 25 డెసిబెల్స్ ఎడం. హాయిగా నడవాల్సిన లింక్.

ఇప్పుడు అదే ఎత్తులో, అడుగు దూరంలో మరొకరు డిష్ బిగించారు. రెండింటి మధ్య 60 డెసిబెల్స్ ఐసొలేషన్ ఉందనుకుందాం, అంటే ఒకదాని సిగ్నల్ రెండోదాన్ని చేరేలోపు అంత తగ్గుతుంది. అవతలి ఆపరేటర్ నిబంధన పాటించేవాడైతే, అదే 25 డీబీఐ డిష్‌కి రేడియో నుంచి 11 డీబీఎం ఇస్తాడు. అది మా రిసీవర్‌లోకి మైనస్ 49తో దూరుతుంది. అంటే పది కిలోమీటర్ల అవతలి నుంచి మా కోసం వచ్చే సిగ్నల్ కంటే 60 రెట్లకు పైగా బలంగా. ఛానెల్ వేరు కదా అంటారు. నిజమే, కానీ ఏ రేడియో కూడా తన ఛానెల్ గీత లోపలే బుద్ధిగా ఉండదు, అటూ ఇటూ కొంత కారుతుంది. కారేది అసలు సిగ్నల్ కంటే 40 డెసిబెల్స్ తక్కువ అనుకున్నా మైనస్ 89 అవుతుంది. మా 25 కాస్తా 20కి దిగుతుంది. ఇంతవరకు ఫర్వాలేదు, సర్దుకుంటాం.

కానీ ఆ ఆపరేటర్ 30 డీబీఐ డిష్‌కి 27 డీబీఎం రేడియో తగిలించి ఫుల్ పవర్ పెట్టాడనుకోండి. మొత్తం 57 డీబీఎం. అనుమతించిన దానికంటే 21 డెసిబెల్స్ ఎక్కువ, సుమారు 125 రెట్లు. మా రిసీవర్‌లోకి వచ్చేది మైనస్ 33, ఛానెల్ దాటి కారేది మైనస్ 73. మాకు మిగిలిన ఎడం 6 డెసిబెల్స్. రేడియో మీద లింక్ లైటు ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటుంది, డేటా మాత్రం పాకుతుంది.

ఇందులో ఉడుక్కోవాల్సిన సంగతి ఏమిటంటే, మందు చాలా చవక. అదే డిష్‌ని పక్కన కాకుండా 2 మీటర్లు పైకో కిందికో జరిపితే సరిపోతుంది. నిలువు ఎడానికి వాడే మామూలు సూత్రం ప్రకారం ఈ ఫ్రీక్వెన్సీలో 1 మీటరుకి సుమారు 79, 2 మీటర్లకి 91 డెసిబెల్స్ ఐసొలేషన్ రావాలి. టవర్ ఇనుము మీద తగిలి తిరిగొచ్చే సిగ్నళ్ల వల్ల అంతా దక్కదు. 80 దక్కినా చాలు. పైన చెప్పిన ఫుల్ పవర్ రేడియో నుంచి కారేది కూడా మైనస్ 93కి పడిపోయి మా సొంత నాయిస్ స్థాయికి వస్తుంది. డిష్ చుట్టూ లోహపు షీల్డ్ పెడితే ఇంకొంచెం మేలు. రెండు క్లాంపులు, టవర్ ఎక్కి బిగించే ఒక రిగ్గర్ పూట కూలి, కొంచెం కేబుల్. ఖర్చు అంతే.

మరి ఎందుకు చేయరు? రిగ్గర్ చేతికి డ్రాయింగ్ ఇవ్వరు కాబట్టి. "ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బిగించెయ్" అని కింద నుంచి చెప్తారు. ప్రాణానికి తెగించి పైకెక్కిన మనిషి చేతికి అందిన పైపుకే బిగిస్తాడు. అతన్ని అనడానికి ఏం లేదు. పైగా నడుస్తున్న డిష్‌ల ముందు నిలబడి అతను ఆ పని చేయాల్సి వస్తోంది. ఏది ఆన్‌లో ఉందో చెప్పే కాగితం టవర్ దగ్గర లేదు.

దూరం ఒక్కటే కాదు, సమయం కూడా ఉంది. మేం వాడే రేడియోలు ఎక్కువగా ఒకే ఛానెల్‌లో కాసేపు పంపుతాయి, కాసేపు వింటాయి. ఒక టవర్ మీద ఉన్న అన్ని రేడియోలూ ఒకేసారి పంపి, ఒకేసారి వింటే ఒకదాని మాట ఇంకొకదాని చెవిలో పడదు. దీనికి జీపీఎస్ గడియారం ఆధారంగా సింక్ చేసే సదుపాయం చాలా రేడియోల్లో ఉంది. ఫ్రేమ్ పొడవు (ఒక విడత పంపి, విని ముగించే సమయం) ఒకటే పెట్టాలి, అప్‌లోడ్‌కి ఎంత, డౌన్‌లోడ్‌కి ఎంత అనే వాటా కూడా ఒకటే పెట్టాలి. అయితే ఒక కంపెనీ రేడియో ఇంకో కంపెనీ రేడియోతో సాధారణంగా సింక్ కాదు. కాబట్టి ఎవరెవరు ఏ రకం వాడుతున్నారో తెలిస్తేనే, సింక్ అయ్యేవాళ్లని దగ్గరగా, కానివాళ్లని బ్యాండ్‌లో దూరంగా పెట్టగలం. తెలియాలంటే లెక్క ఉండాలి. మళ్లీ అక్కడికే వచ్చాం.

ఇక ఛానెల్ వెడల్పు. తోటి ఆపరేటర్లకు ఇది కొంచెం కటువుగానే చెప్తాను. బాక్స్ మీద పెద్ద అంకె కనిపించిందని 80 మెగాహెర్ట్జ్ పెట్టేసి కూర్చుంటున్నారు. అందరూ ఎగబడే 5725-5875 ముక్కలో ఉన్నది 150 మెగాహెర్ట్జ్. అందులో 80వి ఒక్కటే పడుతుంది, 40వి మూడు, 20వి ఏడు. ఒకరు 80 పెడితే మిగిలినవాళ్లంతా ఆ చివరి 70లో తోసుకోవాలి. పోనీ పెట్టినవాడికైనా లాభమా? 802.11ఏసీ (ఒక వైఫై ప్రమాణం) రకం రేడియోలో, రెండు స్ట్రీములతో (ఒకేసారి రెండు డేటా ధారలతో), 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ నాయిస్‌లో చిక్కి వేగం మెట్లలో అన్నిటికంటే కిందిదానికి పడితే రేటు 58.5 ఎంబీపీఎస్. దాని తర్వాతి మెట్టులో 117. అదే శుభ్రమైన 20 మెగాహెర్ట్జ్ ఛానెల్ అన్నిటికంటే పై మెట్టులో నిలబడితే 156. పైగా 80 నుంచి 20కి తగ్గితే రిసీవర్‌లోకి వచ్చే నాయిస్ కూడా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు కూడా తగ్గించరు. "నేను తగ్గిస్తే ఖాళీ అయిన జాగాలోకి ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు" అని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది.

పవర్ సంగతీ అంతే. వినాయక చవితికి ఒకే వీధిలో రెండు పందిళ్లు పక్కపక్కన పడితే వాళ్ల సౌండ్ వినపడకూడదని వీళ్లు, వీళ్లది వినపడకూడదని వాళ్లు పెంచుకుంటూ పోతారు, చివరికి ఏ పాటా వినపడదు. మన టవర్ మీద ఏడాది పొడుగునా అదే పండగ.

లైసెన్స్ ఉన్న మైక్రోవేవ్ లింకులకి ఈ బాధ తక్కువే కానీ అసలు లేకపోలేదు. 15, 18 గిగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లలో పంపడానికి ఒక సగం, వినడానికి ఒక సగం ఉంటాయి, హై, లో అంటాం. ఒక బ్యాండ్‌లో ఒక టవర్ మీద అన్నీ హైలో పంపాలి, లేదా అన్నీ లోలో పంపాలి. ఒకటి అటు, ఒకటి ఇటు అయితే పక్కదాని ప్రసారం నేరుగా దీని రిసీవర్‌లో పడుతుంది. మూడు టవర్లని ముక్కోణంగా కలిపితే ఒక చోట ఈ నియమం తప్పక విరిగిపోతుంది. ఒక టవర్ హై అయితే పక్కది లో, దాని పక్కది హై, ఆ తర్వాత మొదటిదానికి తిరిగొచ్చేసరికి హై ఎదురుగా హై నిలబడుతుంది. ఆ ఒక్క లింక్‌కి వేరే బ్యాండ్ వాడాలి. పెద్ద కంపెనీల ప్లానింగ్ ఇంజినీర్లకి ఇది తెలియని విషయం కాదు. ఆ జాగ్రత్త షేర్డ్ టవర్ దాకా వచ్చేసరికి ఎవరి కాగితం వారి దగ్గరే ఉండిపోతోంది.

ఇప్పుడు అధికారుల మాట. 2018 అక్టోబర్‌లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా ఆరుబయట కూడా వాడుకోవచ్చని ప్రకటించింది. మాలాంటి చిన్నవాళ్లు బతకగలిగింది దానివల్లే, ఆ మేలు మరిచిపోలేదు. ఆ మినహాయింపు ఇతరులకు ఇబ్బంది కలిగించకూడదు, ఇబ్బంది వస్తే రక్షణ అడగకూడదు, అందరూ పంచుకోవాలి అన్న షరతు మీద వచ్చింది. రక్షణ అడగకూడదన్న సగం మాకు చదివి వినిపిస్తున్నారు. పవర్ పరిమితి దాటినవాడు అసలు ఆ మినహాయింపు గొడుగు కిందే లేడన్న సంగతి ఎందుకు చూడరు? 36 డీబీఎం లోపు ఉన్నవాడి మీద నేను ఫిర్యాదు చేయడం లేదు, అతనితో మాట్లాడుకుంటాను. 57 వదిలేవాణ్ని ఆపడం నా చేతుల్లో లేదు, కొలిచే అధికారం, పరికరం మీ దగ్గర ఉన్నాయి.

ఇంకో చిన్న మాట. 5250-5350, 5470-5725 ముక్కల్లో జాగా ఉన్నా చాలామంది అటు వెళ్లరు. రాడార్ లాంటిది వినపడిందని రేడియో అనుమానిస్తే ఆ ఛానెల్ వెంటనే ఖాళీ చేసి అరగంట దాని జోలికి పోకూడదు. ఓడలు, విమానాలు, నౌకాదళం ఉన్న ఊళ్లో ఆ టెన్షన్ ఎందుకని అందరూ పై ముక్కలోకే వచ్చిపడుతున్నారు. రాడార్లకు దారివ్వాల్సిందే, అందులో వాదన లేదు. మిగిలిన కొంచెం జాగాని పద్ధతిగా పంచుకోవాల్సిన అవసరం దీనివల్ల ఇంకా పెరిగిందనే నేను చెప్పేది.

దీని ఫలితం ఎవరి మీద పడుతోందో వరసగా రాస్తున్నాను.

1. సాయంత్రం ఏడు దాటాక నెట్ పడిపోతుంది. మా మీద వచ్చే ఫిర్యాదుల్లో ముప్పాతిక భాగం చీకటి పడ్డాకే. కారణం చాలామందికి తెలియదు. పక్క రేడియో ఎంత డేటా మోస్తే అంతసేపు ప్రసారం చేస్తుంది. రాత్రి అందరూ ఇళ్లకి చేరి వీడియోలు పెట్టుకున్నప్పుడు టవర్ మీద ప్రతి రేడియో నోరు మూయకుండా మాట్లాడుతుంది. మధ్యాహ్నం మా కుర్రాడు వెళ్లి చూస్తే స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా ఉంటుంది. "ఏ లోపమూ లేదు" అని రాసుకుని వస్తాడు. ఇంటావిడ అతన్ని అబద్ధాలకోరు అనుకుంటుంది, అతను ఆవిడకి ఏమీ తెలియదనుకుంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

2. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు. మధురవాడ, రుషికొండ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువ. అమెరికా వాళ్ల పగలు మనకి రాత్రి. సరిగ్గా లింక్ చచ్చే వేళకే వాళ్ల మీటింగ్ మొదలవుతుంది. మాట తెగిపోతే మేనేజర్ ముందు సంజాయిషీ చెప్పుకునేది ఆ ఉద్యోగి, టవర్ యాజమాన్యం కాదు.

3. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు. చివరి రోజు రాత్రి దాకా కాలేజీల వరస మార్చుకుంటూనే ఉంటారు. ఆ రాత్రి పేజీ తెరుచుకోకపోతే కలిగే నష్టం నాలుగేళ్లది.

4. సెల్‌ఫోన్ వాడేవాళ్లకి కూడా తప్పదు. ఫైబర్ అందని సెల్ టవర్లు కూడా మైక్రోవేవ్ బ్యాక్‌హాల్ మీదే నడుస్తాయి. అక్కడ లింక్ నలిగితే ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తిరుగుతూ ఉంటుంది. కిరాణా కొట్టు ముందు క్యూఆర్ స్కాన్ చేసి "పేమెంట్ ప్రాసెసింగ్" అని చూపిస్తూ నిలబడేవాళ్లకి ఇదంతా ఎక్కడో కొండ మీద రెండు డిష్‌ల మధ్య గొడవ అని ఎలా తెలుస్తుంది?

5. తుఫాను. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లు. చెట్లు, స్తంభాలు, వాటితోపాటు తీగలు నేలకూలాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, అవతలి వీధిలో ఉన్న అన్నదమ్ములు బతికే ఉన్నారో లేదో నడిచి వెళ్లి తెలుసుకున్న రోజులవి. అలాంటప్పుడు ఫైబర్ తెగిపోతే మిగిలే దారి రేడియో లింకే. 180 కిలోమీటర్లంటే సెకనుకి 50 మీటర్లు. మన ఊళ్లో కట్టడాలకు గాలి డిజైన్ కోసం ఐఎస్ 875 ప్రమాణం చెప్పే మూల వేగం కూడా అదే. ఆ గాలికి 2 అడుగుల డిష్ ఒక్కదాని మీద 50 కిలోల బరువు తోసినంత బలం పడుతుంది, 3 అడుగుల డిష్ అయితే 110 కిలోల పైనే. కొండ మీద, ఎత్తులో గాలి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు టవర్ మీద పనిచేయని డిష్‌లు ఎన్ని వేలాడుతున్నాయో చూడండి. వ్యాపారం మూసేసి పోయినవాళ్లవి, కొత్తది పెట్టుకుని పాతది అలాగే వదిలేసినవాళ్లవి. కొన్నింటికి కరెంటు కూడా తీయలేదు, ఎవరికీ పనికిరాని సిగ్నల్ ఇప్పటికీ వదులుతూనే ఉన్నాయి. రొద అవే చేస్తాయి, బరువూ అవే. ఉప్పుగాలికి వాటి క్లాంపులు తుప్పు పడుతున్నాయి. ఒకటి ఊడితే కింద ఉన్న మంచి లింకుని పట్టుకుపోతుంది.

6. టవర్ కింద ఇళ్లవాళ్లు. రేడియేషన్ భయంతో అడుగుతారు. మొబైల్ టవర్ల విషయంలో 2012 సెప్టెంబర్ నుంచి మన దేశం పెట్టిన పరిమితి అంతర్జాతీయ మార్గదర్శకంలో పదో వంతు అని, బ్యాక్‌హాల్ డిష్ వదిలేది ఎదురుగా పోయే సన్నటి కిరణమని, అది ఇళ్ల మీదికి రాదని నేను చెప్తూ ఉంటాను. అది నిజమే. కానీ అనుమతికి 125 రెట్లు వదిలేవాళ్లు కూడా మాలోనే ఉన్నప్పుడు "అన్నీ రూల్ ప్రకారమేనండీ" అని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?

7. చిన్న ఆపరేటర్లు. కనెక్షన్ కట్ చేయించుకుని పోయిన కస్టమర్ తిరిగి రాడు. దీని మీద ఎక్కువ రాయను, మా గోడు మాది.

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

1. ప్రతి షేర్డ్ టవర్‌కి ఒక రేడియో రిజిస్టర్ పెట్టాలి. ఏ రేడియో, ఎవరిది, ఎంత ఎత్తులో, ఏ దిక్కుకి, ఏ ఛానెల్, ఎంత వెడల్పు, ఎంత పవర్, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. అద్దె కట్టే ప్రతివాడూ ఈ రిజిస్టర్ చూడగలగాలి. ఇది యాజమాన్యం పని. అద్దె బకాయి ఎవరిదెంతో రూపాయితో సహా చెప్పగలిగినవాళ్లు ఇది రాయలేరంటే నేను ఒప్పుకోను.

2. రిజిస్టర్‌లో రాయకుండా, ఎత్తు చూపించే డ్రాయింగ్ లేకుండా కొత్త డిష్ టవర్ ఎక్కకూడదు. ఒకే బ్యాండ్ రేడియోల మధ్య నిలువుగా 2 మీటర్లు. జాగా లేకపోతే షీల్డ్ ఉన్న డిష్, వేరే బ్యాండ్. అదీ కుదరకపోతే ఆ టవర్ మీద జాగా లేదని చెప్పడం. అద్దె పోతుందని తెలుసు, అయినా అడుగుతున్నాం.

3. అద్దె ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాలి: తర్వాత వచ్చినవాడి వల్ల ముందున్న లింక్ చెడితే, సరిచేసే ఖర్చు తర్వాత వచ్చినవాడిది. ఈ షరతు నాకూ వర్తించాలి.

4. తోటి ఆపరేటర్లకు: ఒక రాత్రి, రెండు గంటలకు, అందరం ఒప్పుకుని వంతులవారీగా రేడియోలు ఆపుదాం. ఆ వేళ వాడకం తక్కువ కాబట్టి టెస్ట్ డేటా నింపి నడుపుతూ, ఒక్కొక్కటి ఆపినప్పుడు మిగిలినవాళ్ల నాయిస్ ఎంత తగ్గిందో స్కాన్ చేసి రాసుకుందాం. ఎవరు ఎవరికి అడ్డమో తెల్లారేసరికి తేలిపోతుంది. పొద్దున్న మాటలతో తేలనిది కొలతతో తేలుతుంది. ఆ తర్వాత షేర్డ్ టవర్ మీద 80 మెగాహెర్ట్జ్ వద్దని రాసుకుందాం. ఒకే రకం రేడియోలు ఉన్నవాళ్లు జీపీఎస్ సింక్ పెట్టి ఫ్రేమ్, వాటా ఒకటే చేసుకుందాం. లింక్ నిలబడడానికి ఎంత కావాలో అంతకే పవర్ దించుదాం. నా రేడియోలు ముందు ఆపుతాను, ముందు దించుతాను.

5. అధికారులకు: రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చినప్పుడు సిగ్నళ్ల బలం కొలిచే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో ఒకసారి స్థలానికి రండి. సాయంత్రం ఏడు తర్వాత రండి, మధ్యాహ్నం వస్తే మీకూ ఏమీ కనిపించదు. పరిమితి దాటినవాళ్లకి నోటీసు ఇవ్వండి. ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ (ఆ రకం పరికరానికి ప్రభుత్వ ఆమోదం) లేని రేడియో ఉంటే దింపించండి. ఫిర్యాదు చేసినవారికి 30 రోజుల్లో రాతలో జవాబివ్వండి. "ఏమీ లేదు" అన్నదైనా సరే, కొలిచిన అంకెతో పాటు ఇవ్వండి.

6. పనిచేయని డిష్‌లు, రేడియోలు, వాటి కేబుళ్లు సెప్టెంబర్ నెలాఖరులోపు దించాలి. యజమాని దొరకకపోతే టవర్ యాజమాన్యమే దించి భద్రపరచాలి. అదే సమయంలో క్లాంపులు, ఎర్తింగ్, కేబుల్ షీల్డ్ చూడాలి. పైకెక్కే రిగ్గర్లకి ఆ పూట వాళ్ల ముందున్న రేడియోలు ఆపి ఉంచాలి.

7. కస్టమర్లకు ఒక విన్నపం. నెట్ పోయినప్పుడు టైము, ఎంతసేపు పోయిందో ఒక వారం రాసి మీ ఆపరేటర్‌కి పంపండి. మా కుర్రాడి మధ్యాహ్నం స్పీడ్ టెస్ట్ కంటే ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

ఈ నెలాఖరులోపు యాజమాన్యం రిజిస్టర్ మొదలుపెడితే, మా రేడియోల వివరాలు మొదటి పేజీలో రాయించుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. మొదలుపెట్టకపోతే, మేం కొలిచిన స్కాన్లు, తేదీలు, గంటలతో సహా, ఫిర్యాదుగా టెలికాం శాఖ పై అధికారులకు పంపుతాం, కాపీ టవర్ గేటుకి అంటిస్తాం. రాత్రి రెండు గంటల పరీక్షకి ఒప్పుకునే ఆపరేటర్లు టవర్ దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో పేరు రాసి వెళ్లండి, తేదీ అందరినీ అడిగి పెడదాం.

ఇట్లు,
ఆనందపురం వైపు లింకులు నడిపే ఒక చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్,
విశాఖపట్నం